క్యామ్‌కార్డర్ పాఠాలు – 4: బయట మైకు ఏది కొనాలి?

మీ క్యామ్‌కార్డర్‌లో బయట మైకు తగిలించే సాకెట్ ఎక్కడుందో చూసి రమ్మని గత పాఠంలో చెప్పాను. మీ క్యామ్‌కార్డర్‌కి మైక్ సాకెట్ లేకపోతే విడిగా ఒక చిన్న రికార్డరులో మాట పట్టి, ఎడిటింగ్‌లో కలుపుకోవడమే దారి. ఉంటే అది ఏ రకమో చూడండి. చిన్నవాటికి 3.5 మిల్లీమీటర్ల గుండ్రటి సాకెట్ ఉంటుంది. అది మైకుకి కొద్ది వోల్టులే ఇవ్వగలదు కాబట్టి, 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (తీగ గుండా మైకుకి అందే కరెంటు) అడిగే స్టూడియో మైకు నేరుగా తగిలిస్తే పలకదు. ఎంత ఖరీదు పెట్టి కొన్నా అంతే.

పిన్ను కూడా చూడాలి. దాని మీద మూడు గీతలుంటే అది ఫోన్ కోసం చేసిన మైకు. క్యామ్‌కార్డర్‌కి రెండు గీతలది కావాలి. మూడు గీతలది తెచ్చుకుంటే కన్వర్టర్ కోసం మళ్లీ షాపుకి వెళ్లాలి.

ఇక అసలు సంగతి. మైకు రకాన్ని తేల్చేది ధర కాదు, నోటికీ మైకుకీ మధ్య దూరం. ఆరుబయట దూరం రెట్టింపైన ప్రతిసారీ మాట 6 డెసిబెల్స్ (శబ్ద తీవ్రతకి కొలత) పడిపోతుంది. చుట్టూ ఉన్న రొద మాత్రం తగ్గదు. పైగా సౌండుని తనంతట తానే సర్దే ఆటోమేటిక్ లెవెల్ ఆన్‌లో ఉంటే, పెళ్లిలో పురోహితుడు ఆగిన క్షణంలో క్యామ్‌కార్డర్ సౌండు పెంచేసి ఫ్యాన్ల హోరు, వెనక వరసలో కబుర్లు అన్నీ పట్టేస్తుంది.

విజయవాడలో ఏ కల్యాణ మండపంలో చూసినా కెమెరా నెత్తిన గొట్టంలా పొడుగ్గా ఉండే షాట్‌గన్ మైకు కనిపిస్తుంది. "జూమ్ చేస్తుందండీ" అని అమ్ముతారు. నమ్మకండి. అది దూరపు మాటని దగ్గరికి లాగదు, పక్కల నుంచి వచ్చే శబ్దాన్ని తగ్గిస్తుంది, అంతే. గోడలకి కొట్టుకుని తిరిగొచ్చే ప్రతిధ్వని ముందు నుంచీ వస్తుంది కాబట్టి పెద్ద హాల్లో ఆ పని కూడా సరిగా చేయలేదు. మంత్రాలు స్పష్టంగా కావాలంటే పంతులుగారిని అడిగి కండువాకి వైర్‌లెస్ కాలర్ మైకు పెట్టండి. క్యామ్‌కార్డర్‌కి తగిలించిన రిసీవర్‌కీ ఆయనకీ మధ్య జనం గోడలా నిలబడకుండా చూసుకోండి. మనుషుల ఒళ్లు సిగ్నల్‌ని మింగేస్తుంది.

బీసెంట్ రోడ్డులో దుకాణదారులతో మాట్లాడించాలంటే నోటి దగ్గర పట్టుకునే హ్యాండ్ మైకు మేలు. ప్రకాశం బ్యారేజీ మీద షూటింగ్ అయితే ఏ మైకుకైనా బొచ్చు తొడుగు ఉండాల్సిందే, కృష్ణ మీద గాలికి స్పాంజి ఒక్కటే ఆగదు.

ఒక్కటే కొనగలిగితే కాలర్ మైకు కొనండి. షాట్‌గన్ తర్వాత చూసుకోవచ్చు.

ఈ వారం అభ్యాసం: ఇంట్లో ఒకరిని కూర్చోబెట్టి, క్యామ్‌కార్డర్ సొంత మైకుతోనే అడుగు దూరంలో, తర్వాత రెండు, నాలుగు, ఎనిమిది అడుగుల్లో ఒకే వాక్యం రికార్డు చేయండి. ఫ్యాన్ ఆపకండి. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విని, మాట ఏ దూరంలో ఫ్యాన్ హోరులో కలిసిపోయిందో రాసి పెట్టుకోండి. డోలు దెబ్బకి సౌండు పగిలిపోకుండా లెవెల్ ఎలా పెట్టాలో 5వ పాఠంలో చూద్దాం. అప్పుడు ఆ అంకెలు కావాలి.