ల్యాప్‌టాప్ లేవకపోతే ముందు ఎవరి దగ్గరికి?

నల్గొండ క్లాక్ టవర్‌కు నాలుగడుగుల దూరంలో మాది చిన్న రిపేరు షాపు. పొద్దున షట్టర్ ఎత్తేసరికి ఎవరో ఒకరు సంచిలో ల్యాప్‌టాప్ పెట్టుకుని మెట్ల మీద కూర్చుని ఉంటారు. మాట కూడా దాదాపు ఒకటే: "అన్నా, రాత్రిదాకా మంచిగనే నడిచింది. పొద్దుగాల చూస్తే లేస్తలేదు." నేనూ ఒకటే అడుగుతాను: "కొని ఎన్నాళ్లయింది? బిల్లుందా?"

సంవత్సరం లోపుదని తేలితే స్క్రూడ్రైవర్ ముట్టను. బేరం పోతే పోయింది. నేను విప్పి లోపలి బోర్డు (మదర్‌బోర్డు) మీద చెయ్యి వేశానంటే, తర్వాత కంపెనీవాళ్లు "బయట ఓపెన్ చేయించారు" అనే ఒక్క మాటతో చేతులు దులుపుకోవచ్చు. ర్యామ్ (మెమరీ), ఎస్ఎస్‌డీ (ఫైళ్లు దాచే వేగమైన డిస్కు) మార్చుకుంటే చాలా కంపెనీలు అభ్యంతరం చెప్పవు కానీ, ఆ మార్చడంలో ఏదైనా విరిగితే అది మన ఖాతాలోకే. కాబట్టి తేల్చుకోవాల్సింది ఒకటే: ఈ రోగం కంపెనీ ఉచితంగా బాగుచేసేదా, మాలాంటి షాపుతో అయ్యేదా, సికింద్రాబాద్‌లో బోర్డు రిపేరు చేసేవాళ్ల దాకా మోసుకెళ్లాల్సిందా? చాలాసార్లు ఇంట్లోనే పావుగంటలో తేలిపోతుంది.

వారంటీ ఉందో లేదో తెలియడం లేదు

ల్యాప్‌టాప్ బోర్లించి చూడండి. అడుగున స్టిక్కర్ మీద సీరియల్ నంబర్ ఉంటుంది. డెల్ వాళ్లు దాన్నే సర్వీస్ ట్యాగ్ అంటారు, అక్షరాలూ అంకెలూ కలిపి ఏడు ఉంటాయి. స్టిక్కర్ అరిగిపోతే కొన్న డబ్బా మీద దొరుకుతుంది. కంపెనీ వెబ్‌సైట్‌లో సపోర్ట్ పేజీ తెరిచి ఆ నంబర్ కొడితే వారంటీ ఎప్పటిదాకా ఉందో, ఏ రకమో వచ్చేస్తుంది.

ఇక్కడే ఒక తిరకాసు. కొని పది నెలలే అయినా ఒక్కోసారి సైటులో "గడువు ముగిసింది" అని చూపిస్తుంది. కంపెనీ లెక్క ఆ సరుకు వాళ్ల గోడౌన్ దాటిన రోజు నుంచి మొదలై ఉంటుంది, డబ్బా మాత్రం డీలర్ దగ్గర మూడు నాలుగు నెలలు మూలన పడి ఉంటుంది. భయపడాల్సిన పని లేదు. జీఎస్టీ బిల్లు పంపిస్తే తేదీ సరిచేస్తారు. బిల్లు మీద సీరియల్ నంబర్ ఉండేలా కొన్నరోజే అడిగి రాయించుకోవాలి. ఇంకో మాట: ఇప్పుడు చాలా షాపుల్లో ఇచ్చే నున్నటి థర్మల్ కాగితం బిల్లు ఏడాది తిరిగేసరికి తెల్లకాగితం అయిపోతుంది. కొన్న రోజే ఫోటో తీసి పెట్టుకోండి.

వారంటీ రకం దగ్గర మనవాళ్లు ఎక్కువ మోసపోతారు. మోసం అనడం తప్పేమో, అడగరు అంతే. ఆన్‌సైట్ అంటే ముందు ఫోన్‌లో పరీక్షలు చేయించి, తర్వాత ఇంజినీర్ సామాను పట్టుకుని ఇంటికి వస్తాడు. క్యారీ-ఇన్ అంటే మనమే సర్వీస్ సెంటర్‌కు మోసుకెళ్లాలి. హైదరాబాద్‌లో ఉన్నవాడికి ఈ రెండింటికీ పెద్ద తేడా లేదు, బండేసుకుని వెళ్లొస్తాడు. మనకు అలా కాదు. నల్గొండ నుంచైనా, పాలమూరు నుంచైనా హైదరాబాద్ దాదాపు నూరు కిలోమీటర్లు. ఇచ్చి రావడానికి ఒక రోజు, తెచ్చుకోవడానికి ఒక రోజు. రెండు సెలవులు, నాలుగు బస్సు టికెట్లు. అందుకే, నన్నడిగితే మన జిల్లాల్లో ఉండేవాళ్లు రంగూ, బ్యాగూ కన్నా ఆన్‌సైట్‌కు డబ్బు పెట్టడం మేలు. పెట్టేముందు మీ పిన్‌కోడ్‌కు వస్తారా అని కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి అడగండి. నల్గొండ 508001కీ, పాలమూరు 509001కీ వచ్చేవాళ్లు దేవరకొండ అవతలికో, అచ్చంపేట అవతలికో కూడా వస్తారనుకోవద్దు.

ఎక్స్‌టెండెడ్ వారంటీలో రెండు రకాలున్నాయి. కంపెనీ అమ్మేది, ఆన్‌లైన్ సైట్లూ షోరూములూ అంటగట్టేది. రెండోదానిలో క్లెయిమ్ చూసేది వేరే సంస్థ కావచ్చు, పాతబడిన విలువ లెక్కగట్టి కోత పెట్టొచ్చు. డబ్బులు పోసేటప్పుడు నేనైతే కంపెనీదే ఎంచుకుంటాను. అయినా ఒకటి గుర్తుంచుకోండి: మూడేళ్ల వారంటీ ఉన్నా చాలా మోడళ్లలో బ్యాటరీకి ఉండేది ఏడాదే.

బటన్ నొక్కితే ఉలుకూ పలుకూ లేదు

చార్జర్ పీకి, పవర్ బటన్‌ను అర నిమిషం గట్టిగా నొక్కి పట్టుకోండి. తర్వాత చార్జర్ పెట్టి మామూలుగా ఆన్ చేయండి. ఈ ఒక్క పనికే లేచి కూర్చున్నవి మా షాపులో ఎన్ని చూశానో! లోపల మిగిలిపోయిన కరెంటు వల్ల బోర్డు బిగుసుకుపోతుంది, అది దిగిపోతే మళ్లీ మామూలే. వీటికి నేను డబ్బులు తీసుకోను, చాయ్ తాగిస్తామంటే కాదనను.

లేవలేదా, సాకెట్ మార్చండి, చార్జర్ మార్చి చూడండి. అదే వోల్టేజీ, అంతే లేదా ఎక్కువ వాట్స్ ఉండాలి. కొన్ని మోడళ్లు పిన్ను మధ్యలో ఉండే సన్నటి సూది ద్వారా చార్జర్‌ను గుర్తుపడతాయి. ఆ సూది వంగినా, సందులో దొరికిన చౌక చార్జర్ పెట్టినా మిషన్ నడుస్తుంది కానీ బ్యాటరీ ఎక్కదు. వారంటీలో ఉన్న ల్యాప్‌టాప్‌తో వచ్చిన చార్జర్‌కు కూడా సాధారణంగా వారంటీ ఉంటుంది. ఈ సంగతి తెలియక కొత్తది కొనేసేవాళ్లే ఎక్కువ.

చార్జర్ మంచిదే, అయినా చలనం లేదంటే బోర్డు. మన దగ్గర దీనికి రెండు పాత కారణాలు. పల్లెల్లో బోరు మోటర్లు ఒక్కసారిగా అందుకున్నప్పుడు వోల్టేజీ ఎగుడుదిగుళ్లు ఒకటి. మృగశిర ముందు వచ్చే ఉరుములు మెరుపులు రెండోది. ఉరుమురిమి మంగలం మీద పడ్డట్టు, ఎక్కడో పిడుగు పడితే మన సాకెట్‌లో ఉన్న చార్జర్, దాని వెనకాల బోర్డు మాడిపోతాయి. కరెంటు సర్జ్ వల్ల పోయినదాన్ని మామూలు వారంటీ ఇవ్వదు. ఉరుము వినపడగానే ప్లగ్ పీకేయండి.

వారంటీలో ఉంటే కంపెనీకి కంప్లయింట్. దాటిపోతే కంపెనీ బోర్డు మొత్తం మార్చాలంటుంది, ఎస్టిమేట్ వినగానే కొత్తదే కొందామనిపిస్తుంది. అప్పుడు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్, అందరూ సీటీసీ అనేది, అక్కడ చిప్ లెవల్ చేసేవాళ్లున్నారు. బోర్డు మీద మాడిన చిన్న ఐసీని (చిప్పును) మాత్రమే పీకి మారుస్తారు. నాకు ఆ పని రాదు, వచ్చని చెప్పే ఊరి షాపును కూడా ఒకటికి రెండుసార్లు అడగండి. ఇచ్చేముందు "బాగుకాకపోతే ఎంత ఇవ్వాలి, చేశాక ఎన్ని నెలల గ్యారంటీ" అని కాగితం మీద రాయించుకోండి.

మూత తెరిస్తే కిర్రుమంటోంది

హింజ్, అంటే మూత తిరిగే మడతబందు. దీని గురించి మా ఇంట్లోదే చెప్తాను. మా అమ్మాయి బీటెక్ ల్యాప్‌టాప్, అప్పటికి తొమ్మిది నెలలది. "డాడీ, తెరుస్తుంటే బిగుసుగా ఉంది" అంది. చూస్తాలే అన్నాను. కంసాలి ఇంట్లో కంచు గిన్నెలాగా, మనింటి మిషన్ చూడటానికి మనకే తీరదు. రెండు వారాల తర్వాత స్క్రీన్ ఎత్తుతుంటే మూలన టప్‌మని ప్లాస్టిక్ పగిలింది. సర్వీస్ సెంటర్‌లో కౌంటర్ మీదున్న అబ్బాయి ఫోటో తీసుకుని, "ఇది ఫిజికల్ డ్యామేజ్ సార్, వారంటీ రాదు" అన్నాడు. ఎస్టిమేట్ కొన్న ధరలో మూడో వంతు.

విప్పి చూస్తే విషయం స్పష్టంగా ఉంటుంది. స్క్రూలు బిగించే ఇత్తడి గుబ్బలు ప్లాస్టిక్‌లో పొదిగి ఉంటాయి. హింజ్ బిగుసుకుపోయే కొద్దీ ఎత్తిన బలమంతా ఆ గుబ్బల మీద పడి, అవి ప్లాస్టిక్‌తో సహా ఊడొస్తాయి. కింద పడేసింది కాదు, కానీ పగిలాక నిరూపించడం కష్టం. కాబట్టి బిగుసుగా అనిపించిన వారంలోనే, ప్లాస్టిక్ ఇంకా బాగున్నప్పుడే, వీడియో తీసి కంప్లయింట్ పెట్టాలి. పగిలాక వారంటీ లేకుంటే ఊరి షాపులో ఎపాక్సీ పెట్టి గుబ్బలు అతికిస్తారు. నేనూ అదే చేశాను. నాలుగు నెలలు ఆగింది. తర్వాత పై ప్యానెల్ మార్చక తప్పలేదు. ఆ నాలుగు నెలలూ మా అమ్మాయి ఏమన్నదో ఇక్కడ రాయను.

చాయ్ ఒలికింది

బటన్ నొక్కి పట్టుకుని ఆపేయండి, చార్జర్ పీకండి, గుడారంలా బోర్లా పెట్టండి. "ఆరింది కదా" అని గంటలో ఆన్ చేసి చూడొద్దు. తడి ఉన్నప్పుడు కరెంటు పారితేనే అసలు నష్టం. బియ్యం బస్తాలో పెట్టి తెచ్చినవాళ్లూ ఉన్నారు, ఫ్యాన్ రెక్కల్లో నూకలు ఏరడం తప్ప లాభం ఏమీ కనపడలేదు. నీళ్లకన్నా చక్కెర వేసిన చాయ్ చెడ్డది, ఆరాక జిగురై బోర్డును తింటుంది.

యాక్సిడెంటల్ డ్యామేజ్ ప్లాన్ విడిగా కొన్నవాళ్లకు ఇది కంపెనీ పని. లేనివాళ్లకు మామూలు వారంటీ వర్తించదు, దాచి చెప్పినా లోపల మరకలు పట్టిస్తాయి. ఆ ప్లాన్ లేకపోతే ఆ రోజే బోర్డు విప్పి కడిగే షాపుకు తీసుకెళ్లండి. వారం ఆగి తెస్తే నేనూ ఏం చేయలేను.

ఫ్యాన్ మోత, ఒళ్లు కాలిపోతోంది

మిర్యాలగూడ రైస్ మిల్లు ఆఫీసు నుంచి వచ్చిన ల్యాప్‌టాప్ ఒకటి విప్పాను. ఫ్యాన్‌కూ రాగి రెక్కలకూ మధ్య వేలి మందాన మెత్తటి తవుడు, దిండులాగా పేరుకుంది. గాలి పోయే దారే లేదు. జిన్నింగ్ మిల్లుల వైపు నుంచి వచ్చేవాటిలో పత్తి నూగు ఉంటుంది. దీన్ని శుభ్రం చేయడం వారంటీ కిందకు రాదు, ఊరి షాపులో గంట పని. చిప్పు వేడిని లాగే థర్మల్ పేస్ట్ కూడా మార్పించండి. వారంటీలో ఉన్నదైతే కంపెనీ ఇంజినీర్‌నే డబ్బిచ్చి చేయమనండి. మన ఎండల్లో పరుపు మీద పెట్టి వాడితే మాత్రం ఏ రిపేరూ నిలవదు.

స్క్రీన్ నల్లగా ఉంది, గీతలు వస్తున్నాయి

హెచ్‌డీఎంఐ వైరుతో ఇంట్లో టీవీకి కలపండి. టీవీలో బొమ్మ బాగుంటే స్క్రీన్‌దో, కేబుల్‌దో తప్పు. మూత కదిపినప్పుడు గీతలు వచ్చిపోతుంటే కేబుల్, కదలకుండా ఒకేచోట ఉంటే ప్యానెల్. గీతలకు వారంటీ వస్తుంది, పగులుకు రాదు. టీవీలో కూడా గీతలుంటే గ్రాఫిక్స్, అంటే మళ్లీ బోర్డు.

టచ్‌ప్యాడ్ పైకి లేచింది

బ్యాటరీ ఉబ్బింది. వెంటనే వాడటం ఆపేయండి, చార్జింగ్ పెట్టొద్దు, వత్తొద్దు, పొడవొద్దు, మంటలంటుకుంటాయి. ఉబ్బకుండా ఊరికే త్వరగా దిగిపోతుంటే విండోస్‌లో బ్యాటరీ రిపోర్ట్ తీసి, డిజైన్ కెపాసిటీకీ ఇప్పుడు పడుతున్న దానికీ తేడా చూడండి. ఏడాది లోపే సగానికి పడిపోతే ఆ రిపోర్టునే కంప్లయింట్‌కు జత చేయండి.

చెయ్యి పెడితే జిల్లుమంటోంది

చాలాసార్లు ల్యాప్‌టాప్ బాగానే ఉంటుంది. మీ ఇంట్లో ఎర్తింగ్ లేకపోవచ్చు. ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

స్లో అయింది

హార్డ్ డిస్క్ ఉంటే ఎస్ఎస్‌డీ వేయించండి, 4 జీబీ ర్యామ్ అయితే పెంచండి. ఊరి షాపు చాలు.

బోర్డు మార్చి ఇచ్చారు, ఇప్పుడు ఏదో నంబర్ అడుగుతోంది

ఈ టెన్షన్‌తో వచ్చేవాళ్లు ఈ మధ్య పెరిగారు. అది బిట్‌లాకర్, విండోస్ డిస్కుకు వేసే తాళం. ఆ తాళం పాత బోర్డుకు ముడిపడి ఉంటుంది, బోర్డు మారగానే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో విండోస్ మొదలుపెట్టి ఉంటే ఆ అకౌంట్‌లో దొరుకుతుంది, ఫోన్‌లో లాగిన్ అయి చూసుకోవచ్చు. ఎక్కడా దొరకకపోతే డేటా పోయినట్టే, నేను కాదు కదా సీటీసీలో కూడా తీయలేరు. రిపేరుకు ఇచ్చేముందే కీ రాసి పెట్టుకోండి, ఫైళ్లు వేరే డిస్కులోకి ఎక్కించుకోండి. డేటాకు కంపెనీ బాధ్యత వహించదు, రిపేరుకు తీసుకున్నప్పుడు వాళ్లిచ్చే జాబ్ షీట్ మీద సన్న అక్షరాల్లో అదే ఉంటుంది.

నెల అయింది, పార్ట్ రాలేదంటున్నారు

ఫోన్‌లో మాటలు చాలు, ఇక ఈమెయిల్. కంప్లయింట్ నంబర్, ఇచ్చిన తేదీ, జాబ్ షీట్ ఫోటో పెట్టి ఎప్పటికిస్తారో రాతలో అడగండి. కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915, తెలుగులోనే మాట్లాడొచ్చు. చాలా కేసులు అక్కడికే సర్దుబాటవుతాయి. కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. ల్యాప్‌టాప్ ఆన్‌లైన్‌లో కొన్నా, కంపెనీ ఆఫీసు బెంగళూరులో ఉన్నా, 2019 చట్టం ప్రకారం మీరు ఉంటున్న జిల్లాలోనే వేయొచ్చు. రెండేళ్ల లోపు వేయాలి, వస్తువుకు కట్టింది 5 లక్షల లోపైతే ఫీజు లేదు, లాయరు కూడా తప్పనిసరి కాదు. నల్గొండలోనూ మహబూబ్‌నగర్‌లోనూ కమిషన్లున్నాయి. వెళ్లేటప్పుడు బిల్లు, జాబ్ షీట్, ఈమెయిళ్ల ప్రింట్లు రెండు మూడు సెట్లు తీసుకెళ్లండి. జిరాక్స్ తీసుకోవడానికి మళ్లీ మధ్యాహ్నం ఎండలో బయటికి తిరగక్కర్లేదు.