ఊరి డబ్బు ఊళ్లోనే తిరగాలంటే

ఊరికి సొంత కరెన్సీ, అంటే ఆ చుట్టుపక్కల కొట్లలోనే చెల్లే నోట్లు, అనగానే అందరూ నోటు డిజైన్ మీద పడతారు, అది ఆఖరి పని. ముందు కొట్లు తిరగండి. కూరగాయలు, బేకరీ, సైకిల్ రిపేరు, ఇలా రోజూ అవసరమయ్యేవాళ్లు ఒప్పుకోకపోతే జనం ఆ నోటుతో ఏం చేసుకుంటారు?

జర్మనీలోని బవేరియాలో 2003లో ఒక స్కూలు టీచరు, పిల్లలు కలిసి మొదలుపెట్టిన కీమ్‌గావర్ అనే స్థానిక కరెన్సీని చూసి నేర్చుకోండి. ఒక కీమ్‌గావర్ అంటే ఒక యూరో, లెక్కలో గందరగోళం లేదు. షాపువాళ్లు దాన్ని యూరోలుగా మార్చుకుంటే 5 శాతం పోతుంది, అందులో 3 శాతం స్థానిక సేవా సంఘాలకి, 2 శాతం నిర్వహణకి. ఈ కోత ఎందుకో షాపువాళ్లకి ఓపిగ్గా చెప్పాలి: మార్చుకోకుండా దగ్గర్లోని రైతు దగ్గరే సరుకు కొంటే పైసా పోదు, డబ్బు ఊరు దాటదు. నాకు బాగా నచ్చింది ఇదే. పైగా నోటు దాచుకుంటే విలువ తగ్గుతుంది కాబట్టి ఎవరూ బీరువాలో పెట్టుకోరు.

మీ నోట్లు తీసుకోడానికి జనం ఇచ్చిన అసలు డబ్బుని మాత్రం విడిగా ఉంచండి, ఎవరైనా మార్చమంటే వెంటనే ఇవ్వగలగాలి. చట్టం గురించి ముందే లాయరుతో మాట్లాడండి. 1932లో ఆస్ట్రియాలోని వోర్గ్ల్ పట్టణం వేసిన నోట్లు బాగానే నడిచినా, మరుసటి ఏడాది కేంద్ర బ్యాంకు ఆపించేసింది.