మోరి సరిపోతుందా? వానకాలానికి ముందే కొలిచి తేల్చుకోండి

వరంగల్, హనుమకొండల్లో ఏ కాలనీ మునిగినా అందరి నోటా ఒకే మాట: "పెద్ద మోరి కట్టాలి." చాలాచోట్ల అసలు చిక్కు మోరి వెడల్పులో ఉండదు. ఎక్కడో ఒక కల్వర్టు ఇరుకుగా ఉంటుంది, ఇంకెక్కడో వాలు తప్పుతుంది, లేదంటే చివర కలిసే నాలాలో నీటి మట్టమే మోరి కంటే పైన ఉంటుంది. ఇవేవీ చూడకుండా లక్షలు పోసి కొత్త మోరి కట్టినా నీళ్లు మళ్లీ అక్కడే నిలుస్తాయి. టేపు, మేస్త్రీలు వాడే లెవల్ పైపు, ఇద్దరు ముగ్గురు మనుషులు ఉంటే ఒక్క పూటలో సంగతి తేలిపోతుంది. మే నెలలోనే, మృగశిర కార్తెకు ముందే ఈ పని పెట్టుకోండి.

ఎంత నీరు వస్తుంది

పారుదల గుణకాన్ని (పడిన వానలో నేలలో ఇంకకుండా పారిపోయే వంతు) వాన తీవ్రతతో, విస్తీర్ణంతో గుణించి 360తో భాగించాలి. తీవ్రత గంటకు మిల్లీమీటర్లలో, విస్తీర్ణం హెక్టార్లలో వేస్తే జవాబు సెకనుకు ఘనపు మీటర్లలో వస్తుంది. పొలాలు, ఖాళీ జాగాలు ఉన్నచోట గుణకం సుమారు 0.3, స్లాబులు, సీసీ రోడ్లు నిండిన కాలనీలో 0.7, బండరాతి గుట్ట అయితే 0.8 పైనే.

పది ఎకరాల కాలనీ, అంటే 4 హెక్టార్లు అనుకోండి. గంటకు 60 మిల్లీమీటర్ల జోరుతో వాన కొడితే, పొలాలుగా ఉన్న రోజుల్లో అక్కడి నుంచి సెకనుకు 200 లీటర్లు కదిలేవి. ఇప్పుడు 467 లీటర్లు. వాన పెరగలేదు, ఇళ్లు పెరిగాయి, అంతే. దీనిమీద వాతావరణం వేడెక్కడం తోడవుతోంది: గాలి ఒక్కో డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమను పట్టగలదు, అందుకే కురిసినప్పుడు ఒక్కసారిగా కురుస్తోంది. కొత్తగా కట్టే మోరి ముప్ఫై నలభై ఏళ్లు పనికి రావాలి కాబట్టి తీవ్రతకు పాతిక శాతం కలిపి లెక్కించడం మంచిది. అలా వేస్తే పై కాలనీకి 583 లీటర్లు.

విస్తీర్ణం అంటే కాలనీ హద్దు కాదు. ఎగువన ఉన్న గుట్ట, పక్క వెంచర్, మెయిన్ రోడ్డు నుంచి ఇటు దిగే నీరంతా లెక్కలోకి రావాలి. వాన పడుతుండగా ఒక్కసారి గొడుగు పట్టుకుని ఎగువకు నడిస్తే హద్దు ఎక్కడో కంటికే కనిపిస్తుంది.

మోరి ఎంత మోస్తుంది

ముందు వాలు. లెవల్ పైపులో నీళ్లు నింపి, మోరి పొడవునా 20 మీటర్ల దూరంలో రెండు కొసలూ నిలబెట్టండి. రెండు చోట్లా నీటి మట్టం నుంచి మోరి అడుగు దాకా కొలవండి. తేడా 5 సెంటీమీటర్లు వస్తే వాలు 400కి 1. పైపులో చిన్న గాలి బుడగ ఉన్నా కొలత మొత్తం తప్పుతుంది. అందుకే కొలిచే ముందు రెండు కొసలూ పక్కపక్కన పెట్టి మట్టం సమానంగా ఉందో లేదో చూడండి. పూడిక మీద కాదు, గడ్డపారతో గుచ్చి గట్టి బెడ్ తగిలేదాకా కొలవాలి.

తర్వాత వేగం, మ్యానింగ్ సూత్రంతో. నీరు పారే అడ్డుకోత వైశాల్యాన్ని తడిసే చుట్టుకొలతతో భాగించి, ఆ అంకెకు 2/3 ఘాతం తీసి, వాలు వర్గమూలంతో గుణించి, గరుకు గుణకంతో భాగించాలి. కాంక్రీటుకు గరుకు 0.015 వేసుకోవచ్చు. 60 సెంటీమీటర్ల వెడల్పు, 60 సెంటీమీటర్ల లోతు నీటితో, 400కి 1 వాలున్న మోరిలో వేగం సెకనుకు 1.14 మీటర్లు, మోసేది 410 లీటర్లు. మన కాలనీకి చాలదు. వెడల్పు 75 సెంటీమీటర్లు చేస్తే 560 దాటుతుంది, భవిష్యత్తు లెక్కకు దాదాపు అందుకుంటుంది. నీటి పైన మరో 15 సెంటీమీటర్ల గోడ ఖాళీగా ఉండాలి.

ఇక అదే 60 సెంటీమీటర్ల మోరిలో 20 సెంటీమీటర్ల పూడిక పేరుకుందనుకోండి. మోసేది 250 లీటర్లకు పడిపోతుంది. పూడిక గరుకుతనం కూడా కలిపితే 190 లోపే. లోతులో మూడో వంతు పూడితే సామర్థ్యంలో సగానికి పైగా పోయినట్టే. కొత్త మోరికి అర్జీ పెట్టే ముందు పూడిక తీయించమని మేం పట్టుబట్టేది ఇందుకే. తీసిన మట్టిని గట్టు మీదే వదిలేస్తే తొలి వానకే తిరిగి లోపల పడుతుంది. మట్టిలోని నీరు కారిపోయిన వెంటనే, రెండు రోజుల్లో ట్రాక్టర్ ఎక్కించేయాలి. మూతలు వేసిన లోతైన మోరీల్లోకి మనిషిని దింపకండి. విషవాయువులు ప్రాణాలు తీస్తాయి, చేతులతో పాకీపనిని నిషేధించిన 2013 చట్టం ప్రకారం రక్షణ సామగ్రి లేకుండా మురుగులోకి దింపడం నేరం కూడా. యంత్రంతోనే తీయించాలి.

ఎక్కడ ఆగుతోంది

మోరి మొత్తం సామర్థ్యాన్ని నిర్ణయించేది దానిలోని అతి ఇరుకైన చోటే. నడుచుకుంటూ వెళ్లి ఇవి వెతకండి: మోరి కంటే చిన్న పైపులు వేసిన కల్వర్టు, అడ్డంగా పోయే మంచినీటి పైపు, దానికి చుట్టుకున్న కవర్లు, గుడ్డలు, ఇంటి ముందు ర్యాంపు కింద వేసిన ఆరంగుళాల పైపు. ఈ ర్యాంపులు తీయించేటప్పుడు గొడవలవుతాయి. పైపు తీసి స్లాబు వేస్తే బండి ఎక్కుతుంది, నీరూ పోతుంది అని ముందే చెప్పి ఒప్పించండి.

రోడ్డు మీద మోకాళ్ల లోతు నీళ్లు, పక్కనే మోరి సగం ఖాళీ. ఇది చాలా బస్తీల్లో కనిపించే దృశ్యం. మోరి గోడ రోడ్డు కంటే ఎత్తుగా కట్టి, నీరు లోపలికి దిగడానికి కన్నాలు వదలకపోవడం దీనికి కారణం. 20 మీటర్లకు ఒకటి చొప్పున గోడకు రంధ్రం కొట్టి, రోడ్డు మట్టానికి జాలి బిగిస్తే చాలు, ఖర్చు కూడా తక్కువే. పాత సీసీ రోడ్డు తవ్వకుండా దాని మీదే కొత్తది పోయడం మరో పెద్ద తప్పు: పోసిన ప్రతిసారీ ఇళ్లు ఇంకాస్త పల్లంలోకి పోతాయి.

చివర కలిసే చోటు

బొందివాగు పొంగితే హంటర్ రోడ్డు వైపు, ఎన్టీఆర్ నగర్‌లో మోరీలు వెనక్కి తన్నడం అక్కడివారికి కొత్త కాదు. నాలాలో మట్టం మోరి నోటి కంటే పైకి లేస్తే మీ మోరి ఎంత వెడల్పుంటే అంత ఎక్కువ నీరు లోపలికి వస్తుంది. గత వరదలో నాలా గోడ మీద పడిన మరక ఎత్తును లెవల్ పైపుతో మోరి నోటికి తెచ్చి పోల్చండి. మరక పైన ఉంటే నోటికి ఫ్లాప్ గేటు, అంటే నీటిని బయటికే పోనిచ్చి వెనక్కి రానివ్వని రెక్క తలుపు కావాలి. గేటు మూసుకున్నంతసేపు కాలనీలో పడిన వాన కూడా బయటికి పోదు, కాబట్టి దానికి తోడు మోటారో, నీరు నిలిచే ఖాళీ స్థలమో తప్పదు. గేటు రెక్కలో ఒక్క ప్లాస్టిక్ సీసా ఇరుక్కున్నా అది మూతపడదు.

కాకతీయుల గొలుసుకట్టులో ఒక చెరువు మత్తడి దూకితే ఆ నీరు కింది చెరువుకు చేరేది. ఆ మధ్య దారిలోనే ఇప్పుడు ప్లాట్లున్నాయి. 2012 నాటి జీవో 168 ప్రకారం 10 మీటర్ల లోపు వెడల్పున్న నాలాకు 2 మీటర్లు, అంతకు మించితే 9 మీటర్లు వదలాలి. 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీరు చేరే హద్దు) నుంచి 30 మీటర్లు, చిన్న కుంటకు 9. ప్లాటు కొనేవారు ఇరిగేషన్ మ్యాపు చూడకుండా బయానా ఇవ్వకండి.

ఇంకుడు గుంత మీద మాత్రం అతిగా ఆశ పెట్టుకోవద్దు. వంద చదరపు మీటర్ల స్లాబు మీద 60 మిల్లీమీటర్లు పడితే 6,000 లీటర్లు. మీటరున్నర పొడవు వెడల్పులతో 2 మీటర్ల లోతు గుంత తవ్వి కంకర నింపితే, రాళ్ల మధ్య సందుల్లో పట్టేది సుమారు 1,800 లీటర్లే. మొరం నేలలో త్వరగా ఇంకుతుంది, రేగడిలో, బండ తగిలినచోట ఇంకదు. భూగర్భ జలానికి మేలే, వరద మొత్తాన్ని అది ఆపదు. మోరి నీటిని మాత్రం అందులోకి వదలకండి, బోర్లు పాడవుతాయి.

2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్లు కురిసింది. అలాంటి వానకు ఏ కాలనీ మోరీ చాలదు. ఆ రోజు కోసం కావాల్సింది మోరి దాటిన నీరు పోయే దారి: ఏ రోడ్డు పల్లంగా ఉంది, ఆ దారి చివర ప్రహరీ అడ్డుందా, ట్రాన్స్‌ఫార్మర్ గద్దె ఎంత ఎత్తులో ఉంది అన్నవి ముందే చూసి కాగితం మీద గీసుకోండి. ఆ గీత, వాలు కొలతలు, పూడిక లోతు, ఇరుకు చోట్ల ఫొటోలు జతచేసి సోమవారం ప్రజావాణిలో ఇవ్వండి. "మోరి బాగాలేదు" అన్న అర్జీ కంటే "ఫలానా కల్వర్టు దగ్గర 60 సెంటీమీటర్ల మోరి 30 సెంటీమీటర్ల పైపులోకి దూరుతోంది" అన్న అర్జీకి ఇంజినీరు అంచనా తయారుచేయడం తేలిక.