గోరు నొక్కి, కాలు నొక్కి కాపిలరీల పని చూసుకోవడం ఎలా

కాపిలరీలంటే ధమనుల్నీ సిరల్నీ కలిపే అతి సన్నటి రక్తనాళాలు, స్కూల్ పుస్తకంలో కేశనాళికలు అని చదివి వదిలేసినవే, కానీ అవేం చేస్తున్నాయో వేలితో రెండు చోట్ల నొక్కి మనమే చూసుకోవచ్చు, మెషిన్ ఏదీ అక్కర్లేదు. గోరు దగ్గర రక్తం పారడం కనిపిస్తుంది, కాలి దగ్గర నీరు దిగడం కనిపిస్తుంది.

ముందు గోరు. వెచ్చగా, వెలుతురు బాగా ఉన్న గదిలో కాసేపు కూర్చోండి, నెయిల్ పాలిష్ ఉంటే తీసేయండి. చెయ్యి గుండె ఎత్తులో పెట్టుకుని ఒక గోరుని 5 సెకన్లు గట్టిగా నొక్కండి, గోరు కింద తెల్లబడుతుంది, అంటే అక్కడి కాపిలరీల్లోంచి రక్తం పక్కకి పోయిందన్నమాట. వదిలి లెక్కపెట్టండి. పెద్దవాళ్లలో మామూలుగా 2 సెకన్ల లోపే రంగు తిరిగొస్తుంది, వయసు మళ్లినవాళ్లకి ఇంకొంచెం పట్టొచ్చు.

ఇప్పుడు అదే చెయ్యి చల్లటి నీళ్లలో కాసేపు ఉంచి, తుడుచుకుని మళ్లీ నొక్కండి. ఈసారి రంగు రావడం లేటవుతుంది, నిజానికి అసలు విషయం ఇక్కడే ఉంది. కాపిలరీ గోడ ఒక్క కణం మందమే, దానికి కండరం పొర ఉండదు, కాబట్టి రక్తం ఎంత రావాలో ఎక్కువగా తేల్చేది దానికి ముందుండే సన్న ధమనులు, వాటికి కండరం ఉంటుంది, చలికి అవి బిగుసుకుంటాయి. పొలానికి ఎంత నీళ్లు వెళ్లాలో తూము దగ్గరే తేలిపోయినట్టు. అదే మెట్లు ఎక్కుతున్నప్పుడు తొడ కండరం ఆక్సిజన్ వాడేసి కార్బన్ డయాక్సైడ్, ఆమ్లం వదులుతుంది కదా, వాటి వల్ల అక్కడి ధమనులు అక్కడికక్కడే తెరుచుకుంటాయి, మెదడు చెప్పేదాకా ఆగవు. పనిచేసే కండరంలో ఎక్కువ కాపిలరీల్లోకి రక్తం వస్తుందని చూపించిన డెన్మార్క్ శాస్త్రవేత్త ఆగస్ట్ క్రోగ్‌కి 1920లో నోబెల్ ఇచ్చారు.

ఇక కాలు. చీలమండకి కొంచెం పైన, లోపలి వైపు, ఎముక మీద బొటనవేలితో 10 సెకన్లు నొక్కి తీసి, ఆ చోటు మీద వేలితో మెల్లగా రాసి చూడండి. గుంట మిగిలితే అక్కడ నీరు చేరినట్టే. పొద్దున లేవగానే ఒకసారి, సాయంత్రం ఒకసారి చూస్తే తేడా బాగా తెలుస్తుంది.

కాపిలరీ మొదట్లో ప్రెజర్ సుమారు 35, చివర్లో సుమారు 15, బీపీ కొలిచే లెక్కలోనే. ఈ ప్రెజర్ నీటిని బయటికి తోస్తుంది, రక్తంలోని అల్బుమిన్ లాంటి ప్రోటీన్లు సుమారు 25 బలంతో లోపలికి లాగుతాయి. 1896లో ఇంగ్లండ్ శాస్త్రవేత్త స్టార్లింగ్ చెప్పిన లెక్క ఇదే. బయటికెళ్లిన నీరు చాలావరకు చివర్లో తిరిగి కాపిలరీలోకే వస్తుందని చాలా పుస్తకాల్లో ఇంకా ఉంటుంది, కానీ చాలా చోట్ల దాన్ని రక్తంలోకి తిరిగి చేర్చేది ఎక్కువగా లింఫ్ నాళాలేనని ఇప్పుడు తెలిసింది, అందుకే అవి దెబ్బతింటే కాలు అంతలా వాచిపోతుంది.

గంటలకొద్దీ కదలకుండా నిలబడితే కాళ్లలో ప్రెజర్ పెరిగి నీరు దిగుతుంది, నడిస్తే పిక్క కండరాలు రక్తాన్ని పైకి తోస్తాయి కాబట్టి తగ్గుతుంది. కొన్ని లివర్, కిడ్నీ జబ్బుల్లో అల్బుమిన్ తగ్గి లోపలికి లాగే బలం తగ్గుతుంది. ఆమ్లోడిపిన్ లాంటి బీపీ మాత్రలతో కొందరికి చీలమండలు వాస్తాయి, ఎందుకంటే ఆ మాత్ర సన్న ధమనుల్ని తెరుస్తుంది, సిరల్ని అంతగా తెరవదు, మధ్యలో ఉన్న కాపిలరీల్లో ప్రెజర్ పెరుగుతుంది. అలాగని మాత్ర మీరే ఆపేయొద్దు, డాక్టర్‌కి చెప్పండి, మార్చడానికి వేరేవి ఉన్నాయి.

ఒక్క కాలే ఉన్నట్టుండి వాచి నొప్పి పెడితే రక్తం గడ్డ అయ్యుండొచ్చు, అదే రోజు చూపించుకోండి. వాపుతో పాటు ఆయాసం ఉంటే ఎమర్జెన్సీకే వెళ్లండి. జ్వరంలో ఉన్న పిల్లలకి చేతులు చల్లబడి, మగతగా ఉండి, గోరు రంగు రావడానికి 3 సెకన్లు దాటుతుంటే ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. గోరు టెస్ట్ బాగానే వచ్చినా మనిషి బాగోలేకపోతే మాత్రం ఆ టెస్ట్‌ని నమ్ముకుని ఇంట్లో కూర్చోవద్దు.