సన్నటి కాయిల్‌లో నీళ్లూ నూనే: వేడి బాగా అందాలంటే ఏం చేయాలి

పొడవాటి తిన్నని ట్యూబ్, లోపలి వ్యాసం 1 మి.మీ. అందులో నీళ్లొక్కటే పంపితే ప్రవాహం లామినార్‌గానే, అంటే పొరలు ఒకదాంట్లో ఒకటి కలవకుండా, ఉంటుంది. గోడ పక్కన వేడెక్కిన పొర గోడ పక్కనే సాగిపోతుంది, మధ్యలో నీళ్లకు ఆ వేడి సరిగా చేరదు, గోడ ఉష్ణోగ్రత స్థిరంగా ఉంటే నస్సెల్ట్ నంబర్ (గోడ నుంచి ద్రవానికి వేడి ఎంత బాగా అందుతుందో చెప్పే అంకె) 3.66 దగ్గరే ఆగిపోతుంది.

దీనికి రెండు మందులున్నాయి, రెండూ ఒకేసారి వాడొచ్చు. ట్యూబ్‌ని చుట్టండి: వంపులో మధ్య ద్రవం బయటి గోడవైపు తోసుకుపోయి, అంచుల వెంట వెనక్కి తిరిగొస్తుంది. ఇవే డీన్ సుడులు. ఇక నీళ్లతో కలవని డోడెకేన్ లాంటి నూనెని టీ-జంక్షన్ (T ఆకారపు అతుకు) దగ్గర జత చేస్తే రెండూ ముక్కలు ముక్కలుగా ఒకదాని వెనక ఒకటి నడుస్తాయి, ప్రతి ముక్క (స్లగ్) లోపలా ద్రవం గిరగిరా తిరుగుతుంది.

ముందు చిన్న లెక్క. మొత్తం ఫ్లో నిమిషానికి 6 మి.లీ. అయితే వేగం సెకనుకు దాదాపు 13 సెం.మీ., నీళ్ల లెక్కన రేనాల్డ్స్ నంబర్ (ప్రవాహం లామినార్‌గా ఉంటుందా, అల్లకల్లోలంగానా చెప్పే అంకె) 127 వస్తుంది. కాయిల్ వ్యాసం 20 మి.మీ. అనుకుంటే డీన్ నంబర్ (వంపులో సుడుల బలం చెప్పే అంకె) 28 చిల్లర. అదే 200 మి.మీ. పెడితే 9కి పడిపోతుంది, కాబట్టి ట్యూబ్ నలగనంత వరకు బిగుతుగానే చుట్టండి.

కాయిల్‌కి స్టీలో రాగో తీసుకోండి, టెఫ్లాన్ వద్దు, దాని గోడే వేడిని అడ్డుకుంటుంది, పైగా దానికి అంటుకునేది నూనె. శుభ్రమైన లోహానికైతే మామూలుగా నీళ్లే అంటుకుంటాయి, నీటి పొర నూనె కంటే నాలుగు రెట్లు బాగా వేడిని పంపుతుంది. అందుకే ముందు నీళ్లతో నింపి, గోడ తడిశాకే నూనె వదలండి. స్లగ్‌లు కనబడాలి కాబట్టి కాయిల్‌కి ముందు చిన్న గాజు ముక్క పెట్టుకోండి. మరీ పొడుగ్గా వస్తుంటే టీ రంధ్రం తగ్గించండి, ఫ్లో నిష్పత్తి మార్చి చూడండి. పెరిస్టాల్టిక్ పంపు (గొట్టాన్ని నొక్కుతూ ద్రవాన్ని తోసేది) కుదుపులకి స్లగ్‌లు ఒక సైజులో రావు, సిరంజి పంపులు రెండు దొరికితే టెన్షన్ ఉండదు.

అసలు మోసం కొలతలో ఉంది. బయటికొచ్చే ద్రవం మునుపటికంటే ఎక్కువ వేడిగా ఉందని చూసి మురిసిపోకండి! ఒక లీటరు డోడెకేన్ మోసే వేడి లీటరు నీళ్లు మోసేదాంట్లో సగం కూడా ఉండదు, అది ఇట్టే వేడెక్కుతుంది. ఇన్సులేషన్ చుట్టిన చిన్న కప్పులో రెండూ బాగా కలిశాక థర్మోకపుల్ (ఉష్ణోగ్రత కొలిచే సెన్సర్) పెట్టి, రెండు ద్రవాల వేడినీ విడివిడిగా లెక్కగట్టి కూడండి. అదే మొత్తం ఫ్లోలో, అదే కాయిల్‌లో నీళ్లొక్కటే పంపి వచ్చిన అంకెతో పోల్చండి, పక్కనే ప్రెజర్ డ్రాప్ (కాయిల్ రెండు చివర్ల మధ్య పీడనం తేడా) కూడా రాసుకోండి, ఎందుకంటే స్లగ్‌లు పొట్టివయ్యేకొద్దీ పంపు మీద భారం పెరుగుతుంది.