ఇయర్‌విగ్‌లు కనిపిస్తే ఏం చేయాలి? మనకు, కుక్కకు, తోటకు దేనికెంత ప్రమాదం

అమెరికాలో పెరట్లో కూరగాయలు వేసుకునే మనవాళ్లకు వేసవి మొదట్లో ఇయర్‌విగ్ అనే ఈ పురుగు తప్పకుండా తగులుతుంది. కుండీ ఎత్తగానే కింద నుంచి చెల్లాచెదురుగా పరుగెత్తుతుంది. ముదురు గోధుమరంగు, సుమారు సెంటీమీటరున్నర పొడవు, తోక చివర పట్టకారు. ఇది యూరప్ నుంచి వచ్చిన జాతి. ఉత్తర అమెరికాలో మొదటిసారి 1907లో సియాటిల్‌లో కనిపించింది. చూస్తే ఒళ్లు జలదరిస్తుంది గానీ, మందు డబ్బా వెతకడానికి ముందు ఈ పనులు చేయండి.

1. అది జెర్రి కాదని తేల్చుకోండి

కాళ్లు లెక్కపెడితే చాలు. ఇయర్‌విగ్‌కు ఆరే కాళ్లు. జెర్రికి బోలెడు, పైగా దానికి విషం ఉంటుంది. పట్టకారు వంకర తిరిగి ఉంటే మగది, దాదాపు తిన్నగా ఉంటే ఆడది.

2. చెవి భయం వదిలేయండి

నిద్రపోతుంటే చెవిలో దూరి మెదడు తింటుందన్నది యూరప్‌లో పుట్టిన పాత పుకారు. చెవి అంటే దానికి ప్రత్యేకమైన మోజేమీ లేదు. దీనికి విషం లేదు, రోగాలూ మోసుకురాదు. చేత్తో పట్టుకుంటే పట్టకారుతో గిల్లుతుంది, అంతే. చర్మం గీసుకుంటే సబ్బుతో కడుక్కోండి. ఏ పురుగైనా సరే, నిజంగానే చెవిలో దూరితే మాత్రం కాటన్ బడ్‌తో పొడవకండి, ఇంకా లోపలికి పోతుంది. డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

కుక్క, పిల్లి ఒకటి రెండు నమిలినా కంగారు అక్కర్లేదు. కొన్ని జాతులు కంపు కొట్టే ద్రవం వదులుతాయి కాబట్టి చాలాసార్లు అవే ఉమ్మేస్తాయి. పురుగు కన్నా, దాని కోసం మీరు చల్లే మందు వాటికి ఎక్కువ ప్రమాదం.

3. రాత్రి టార్చి పట్టుకుని వెళ్లండి

అసలు పని ఇక్కడుంది. పొద్దున్నే ఆకుకు చిల్లులు, కుండీ కింద ఇయర్‌విగ్ కనిపించగానే నేరం దాని మీద వేసేస్తాం. చాలాసార్లు తిన్నది వేరొకటి. ఆకు మీద మెరిసే జిగురు చార ఉంటే నత్త జాతిది. నల్లటి రెట్ట గుళికలు ఉంటే గొంగళిపురుగు. ఇవి రెండూ లేకపోతే, బాగా చీకటి పడ్డాక వెళ్లి చూడండి. ఇయర్‌విగ్ తిండి తినేది రాత్రిపూటే.

అవే తింటూ కనిపిస్తే ఏ మొక్క మీదో గమనించండి. బీన్స్, దోస, క్యాబేజీ, లెట్యూస్ లేత మొలకల్ని రాత్రికి రాత్రే మోడు చేస్తాయి. బంతి, డాలియా పూరేకులు కొరుకుతాయి. మొక్కజొన్న పీచు తింటే కండెలో గింజ సరిగా పట్టదు. ఎదిగిన మొక్కకు నాలుగు చిల్లులు పడ్డాయంటారా, పట్టించుకోకండి.

ఆపిల్, పియర్ చెట్ల మీద కనిపిస్తే అసలు జోలికి వెళ్లొద్దు. అక్కడ అవి రసం పీల్చే చిన్న పురుగులైన పేనుబంకను (ఏఫిడ్స్) తింటాయి, మీ పని చేసిపెడుతున్నట్టే. ఆప్రికాట్ లాంటి మెత్తటి పండ్లు ఉంటే మాత్రం పండుకు కన్నం పెడతాయి.

4. మొలకల చుట్టూ ఉచ్చు పెట్టండి

సాయంత్రం పాత న్యూస్‌పేపరు గొట్టంలా చుట్టి, కాస్త తడిపి మొక్కల పక్కన పెట్టండి. తెల్లారేసరికి దాక్కోవడానికి అందులో దూరతాయి. పొద్దున దాన్ని సబ్బునీళ్ల బకెట్‌లో దులపండి.

ఇంకో పద్ధతి నూనె డబ్బా. అక్కడివాళ్లు ఖాళీ ట్యూనా డబ్బా వాడతారు. శాకాహారుల ఇంట్లో అది దొరకదు కాబట్టి లోతు తక్కువున్న ఏ డబ్బా అయినా సరే. అంచు నేలకు సమానంగా ఉండేలా పాతి, అర అంగుళం వంటనూనె పోసి, వాసన కోసం కొంచెం సోయా సాస్ కలపండి. రోజూ పారబోసి మళ్లీ నింపండి. ఇది ఓపిక పని, ఒక్క రాత్రిలో తేలదు.

వాటితోపాటు మొలకల దగ్గర చెక్కలు, ఆకుల కుప్పలు తీసేయండి. సాయంత్రం బదులు పొద్దున నీళ్లు పోయండి, రాత్రికి పైమట్టి ఆరి ఉంటుంది.

5. ఇంట్లోకి వస్తే

చీపురుతో ఊడ్చి బయట పారేయండి. ఇంట్లో తేమ తక్కువ కాబట్టి అవి అక్కడ కాపురం పెట్టవు. తలుపు కింద సందు మూసి, గుమ్మం లైటు రాత్రి ఆర్పేస్తే రాకడ తగ్గుతుంది.

మన ఊళ్లో సంగతి

దక్షిణ భారతంలో వేరుశెనగ వేసే రైతుకు సలహా ఇలా ఉండదు. అక్కడ ఇయర్‌విగ్‌లలోనే వేరే జాతి ఒకటి నేలలో ఉండి లేత కాయకు కన్నం పెట్టి లోపలి గింజ తింటుంది. పైన మొక్క పచ్చగానే కనిపిస్తుంది. అందుకే అనుమానం వస్తే అక్కడక్కడ మొక్కలు పీకి కాయలు చూసుకోవాలి. కన్నాలు ఎక్కువగా కనిపిస్తే ఆ కాయలు తీసుకెళ్లి మండల వ్యవసాయాధికారికి చూపించి, ఏ మందు ఎంత వేయాలో అడగండి.