పాత నక్షత్ర గ్రంథాలు చదవడం ఎలా? 3వ భాగం: ఒకే వేటగాడు, రెండు బొమ్మలు

10వ శతాబ్దపు పర్షియా ఖగోళ శాస్త్రవేత్త అల్-సూఫీ రాసిన నక్షత్ర గ్రంథంలో ఒక్కో తారామండలానికి వివరణ, బొమ్మలు, పట్టిక ఉంటాయని పోయినసారి చూశాం. ఈసారి బొమ్మల దగ్గరే ఆగుదాం. కొత్తవాళ్లు తికమకపడేది అక్కడే.

ప్రతి మండలానికీ రెండు బొమ్మలుంటాయి, ఒకటి రెండోదానికి అద్దంలో నీడలా. మొదటిది తలెత్తి చూస్తే కనిపించే ఆకాశం. రెండోది ఖగోళ గోళం మీద, అంటే ఆకాశాన్ని చూపే గుండ్రటి బంతి మీద కనిపించేది. గోళాన్ని మనం బయట నుంచి చూస్తాం కాబట్టి ఎడమ కుడి అయిపోతుంది. గోళం చూసి నేర్చుకున్నవాడు ఆకాశం కింద నిలబడితే తప్పులో కాలేస్తాడు. అందుకే 964లో అల్-సూఫీ రెండూ ఇచ్చాడు.

ఇక చేతల్లోకి. పారిస్‌లోని ఫ్రాన్స్ జాతీయ గ్రంథాలయంలో ఈ గ్రంథానికి ‘అరబ్ 5036’ అనే చేతిరాత ప్రతి ఉంది. సమర్ఖండ్ పాలకుడు ఉలుగ్ బేగ్ కోసం 15వ శతాబ్దంలో తయారైంది. గ్రంథాలయం వాళ్ల గల్లికా సైట్‌లో ఉచితంగా చూడొచ్చు. అందులో ఓరియన్ అనే వేటగాడి పేజీలు తెరవండి. గ్రీకులు చెప్పిన జంతువు తోలు బదులు ఇక్కడ అతని చేతికి పొడవాటి చొక్కా చేయి వేలాడుతుంది. చూడముచ్చటగా ఉంటుంది కానీ ప్రస్తుతానికి దాన్ని వదిలేయండి. బట్టలు, ముఖం ఏవీ మనకు సాక్ష్యం కావు, చుక్కలే సాక్ష్యం.

భుజం మీది పెద్ద చుక్క మన ఆర్ద్ర. పాదం దగ్గరిది రిగెల్. ఫిబ్రవరిలో రాత్రి ఎనిమిదింటికి దక్షిణం వైపు తిరిగి తల బాగా పైకెత్తితే ఆర్ద్ర ఎడమవైపు పైన, రిగెల్ కుడివైపు కింద ఉంటాయి. పేజీలోనూ అలాగే ఉంటే అది ఆకాశం బొమ్మ. ఆర్ద్ర కుడివైపు పైన ఉంటే గోళం బొమ్మ. బొమ్మ మీది శీర్షికలో ఈ సంగతి రాసి ఉన్నా, ముందు చుక్కలు చూసి ఆ తర్వాతే శీర్షిక చదవండి. నకలు రాసేవాళ్ల చేతిలో శీర్షిక తారుమారు కావొచ్చు కదా!

ఏ చుక్క ఏదో తెలియడానికి పక్కన అక్షరం ఉంటుంది. అరబీ అక్షరాలనే అంకెలుగా వాడారు: అలిఫ్ 1, బా 2, లామ్ 30, హా 5. ఓరియన్‌లో ఆర్ద్ర రెండో చుక్క, కాబట్టి ‘బా’, అంటే పడవలా వంగిన చిన్న గీత. ఆ అక్షరం కింద పెట్టాల్సిన బిందువును వదిలేయడం కూడా మామూలే, కంగారు పడొద్దు. రిగెల్‌ది 35, అంటే లామ్, హా కలిపి.

ఈ పరీక్ష అన్ని గ్రంథాలకూ పనికిరాదు. 9వ శతాబ్దపు లైడెన్ అరాటియా అనే బొమ్మల నక్షత్ర గ్రంథంలో చుక్కలకు బంగారు రేకు అద్దారు. నీలం మీద ఆ మెరుపు అద్భుతం, కానీ చుక్కల స్థానాలు ఆకాశంతో కలవవు. దాన్ని బొమ్మగానే చూడాలి.

అభ్యాసం: సప్తర్షులున్న పెద్ద ఎలుగు పేజీలు తీయండి. ఆ ఏడు చుక్కలు కలిసి కాడ ఉన్న గరిటెలా కనిపిస్తాయి; ఆ గరిటె గిన్నె నోరు పైకి వచ్చేలా పేజీ తిప్పండి. కాడ ఎడమవైపు ఉంటే ఆకాశం, కుడివైపు ఉంటే గోళం. రెండు బొమ్మల్లోనూ ఆ ఏడు చుక్కల పక్కనున్న అక్షరాలు ఒక్కటేనో కాదో సరిచూడండి.

4వ భాగంలో పట్టికలు. పాతకాలపు గ్రీకు ఖగోళ శాస్త్రవేత్త టాలెమీ ఇచ్చిన నక్షత్రాల రేఖాంశాలన్నిటికీ (ఆకాశంలో వాటి స్థానాన్ని చెప్పే కోణాలకు) అల్-సూఫీ 12 డిగ్రీల 42 నిమిషాలు ఎందుకు కలిపాడో అక్కడ లెక్కతో చూద్దాం. కాలిక్యులేటర్ దగ్గర పెట్టుకోండి.